పైపోర్షన్ ఐలేశం

"రెండిట్ల ఒకటి కావాలె. వాని పేరన్న మార్చాలె, ఇల్లన్న ఖాళీ చెయ్యాలె," అన్నాడు ఐలేశం. మాట పూర్తయ్యీ కాకముందే ఎక్కిలి వచ్చింది.

"ఎవరి పేరు?" అంది నర్సింగమ్మ, బెండకాయలు తరుగుతూ. ఎవరి పేరో ఆమెకు బాగా తెలుసు.

"నా పేరు!"

"నీ పేరెందుకు మార్చుడు? ముసలితనంల గిదేం ముచ్చట?"

"నా పేరు కాదే, వాని పేరు!"

"గదే అడుగుతున్న. వాని పేరేంది?"

ఐలేశం పళ్లు నూరాడు. పెళ్లయిన నాటి నుంచి భార్య నోట ఆ పేరు రాలేదు. రేషన్ దుకాణంలో అడిగినా, ఓట్లు రాసుకునేవాళ్లు అడిగినా ఆమె పక్కనున్నవాళ్ల మొహం చూసేది. వాళ్లలో ఎవరో ఒకరు చెప్పేవాళ్లు. ఇన్నేళ్లూ ఆ మర్యాద ఆయనకు ముద్దుగానే ఉండేది. ఇప్పుడు దాన్నే అడ్డం పెట్టుకుని, పొద్దున చాయ్ దగ్గర మొదలైన వాదనను బెండకాయల దాకా లాక్కొచ్చి అక్కడే కూర్చోబెట్టింది.

"నీళ్లు తాగు," అంది.

"నీళ్లకు పోయే ఎక్కిళ్లా ఇవి? ఊరు ఊరంత నా పేరు దీసి తిడ్తుంటే ఎక్కిళ్లు రాకుంటే ఏమొస్తయి? నిన్న బస్టాండు కాడ చాయ్ తాగుతున్న. పక్కన ఒకడంటడు, 'ఐలేశం గాడు దండుగ రా, తిని పండుడు తప్ప వానితోటి ఏం గాదు' అని. నేను లేసి నిలవడ్డ. నన్నే అంటుండనుకున్న!"

"తప్పేమన్నడు?"

కోడలు నాగరాణి కూతురు వర్షితకు జడ వేస్తోంది. దువ్వెన పంటి కింద పెట్టుకుని నవ్వు ఆపుకుంది. కొడుకు గోపాల్‌కు బోరు మోటర్ల వైండింగ్ షాపుంది. ఇంట్లో గొంతులు లేచినప్పుడల్లా ఎక్కడో ఒక మోటరు కాలిపోయిన సంగతి అతనికి గుర్తొస్తుంది. ఇప్పుడూ గుర్తొచ్చి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

ఐలేశం ఆర్టీసీలో కండక్టరుగా చేసి దిగినవాడు. బస్సుల్లో అరిచి అరిచి ముదిరిన గొంతు కావడంతో ఇంట్లో మామూలుగా మాట్లాడినా వీధి చివరిదాకా టికెట్ అడుగుతున్నట్టే ఉంటుంది. పైపోర్షన్లో కిరాయికున్న పరదేశపు పిల్లలకు ఎక్కడ వినబడుతుందోనని నర్సింగమ్మ భయం. తెలుగు రాకపోయినా, ఖాళీ చేయమనే మాట ఏ భాషలోనైనా అర్థమైపోతుంది.

"సరే," అంది కత్తిపీట పక్కన పెట్టి. "ఐతారం మిర్యాలగూడెం టీముతోటి ఆట ఉన్నది కద. అప్పటిదాంక ఆగు. పిలగాడు గోల్ కొట్టిండనుకో, నీ పేరు ఊరంత మోగుతది. అప్పుడు నువ్వే దండేసుకొని తిరుగుతవ్."

"కొట్టకుంటే?"

"నీ ఇష్టం."

"ఖాళీ చేయిస్త. మల్ల మాట మార్చద్దు."

"మార్చ."

ఐలేశం తృప్తిగా తలూపి, దానికి ముద్ర వేసినట్టు ఇంకో ఎక్కిలి పెట్టాడు.

అసలు ఆ పిల్లవాడికి ఆ పేరు పెట్టింది ఐలేశమే.

మర్రిగూడ దారిలో ప్లాట్ల వ్యాపారి రాములు వెంచర్ వేశాడు. ప్లాట్లు అమ్ముడుపోలేదు. ప్లాట్లు పోవాలంటే పక్కన ఏదో ఒకటి ఉండాలి. ఎయిర్‌పోర్టు తేలేడు కాబట్టి ఫుట్‌బాల్ తెచ్చాడు. ఖిల్లా ఎలెవెన్ అని టీము పెట్టి, ఖిల్లా గుట్ట కింద గ్రౌండు చదును చేయించి, మిర్గం కార్తెలో ఇద్దరు విదేశీ ఆటగాళ్లను కూడా దింపాడు. ఒకడు ఘనా దేశపు క్వేసి, ఒకడు ఉజ్బెకిస్తాన్ నుంచి వచ్చిన ఓలిమ్. వాళ్లు దిగాక గానీ వాళ్లకు ఇల్లు కావాలన్న సంగతి రాములుకు తట్టలేదు.

దేవరకొండలో వాళ్లకు కిరాయికి ఎవరూ ఇవ్వలేదు. ఏం వండుతారో, ఎవరిని తెస్తారో అన్నారు. ఒక ఇంటాయన మొహమాటం లేకుండా క్వేసినే అడిగాడు, "క్యాస్ట్ ఏంది?" అని. ఆటలో ఎక్కడ ఆడతావని అడిగాడనుకుని క్వేసి "మిడ్‌ఫీల్డ్" అన్నాడు. ఆయన చాలాసేపు ఆలోచించి, అది బీసీల్లో ఏ గ్రూపు కింద వస్తుందని రాములును అడిగాడట.

చివరికి ఐలేశం గేటు ముందుకొచ్చారు. ఐలేశం కూడా కాదనేవాడే, కానీ అలవాటుకొద్దీ పేరడిగాడు.

"ఓలిమ్."

"ఐలేశమా!" ఐలేశం కుర్చీలోంచి లేచాడు. "ఏడి ఉజ్బెకిస్తాన్, ఏడి దేవరకొండ! నాకు పేరిచ్చిన మల్లన్న దేవుడు అంత దూరం వోయిండా!"

ఆ రోజే పైపోర్షన్ తాళం ఇచ్చేశాడు. ఆ సాయంత్రమే ఓలిమ్‌ను వెంటబెట్టుకుని చాయ్ హోటళ్లన్నీ తిప్పి, "మా ఐలేశం, నా పేరోడు, కుడికాలుతోటి కొడితే బాలు కొండమల్లేపల్లిల పడ్తది" అని పరిచయం చేశాడు. క్వేసి కూడా నాలుగు రోజుల్లో కేశవులు అయిపోయాడు. బాలు కొండమల్లేపల్లి వైపే పోతుందని, గోలు వైపు పోదని అప్పటికి ఎవరికీ తెలియదు.

ఆషాఢంలో దేవరకొండ గాలి సంగతి ఈ ఊరివాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. గుట్ట మీద నుంచి దిగి, దొరికినదాన్నల్లా ఎత్తుకుపోతుంది. మొదటి వారం ఇద్దరూ ఆట కన్నా బట్టల వెంట ఎక్కువ పరుగెత్తారు. కేశవులు బనీను ఎగిరి పక్కింటి బక్కమ్మ ఆరబోసిన జొన్నల మీద పడింది. ఓలిమ్ తెల్ల నిక్కరు ఆమె డిష్ గొడుగుకు చుట్టుకుంది. సీరియల్ మధ్యలో బొమ్మ పోయేసరికి బక్కమ్మ డాబా ఎక్కి, నిక్కరును కట్టెతో లేపి పట్టుకుని, "ఈ చెడ్డీ ఎవలది?" అని బజారంతా వినబడేట్టు కేకేసింది. రెండు దేశాలవాళ్లూ తమది కాదన్నారు.

గ్రౌండులో ఇంకా కష్టం. కేశవులు నేల మీదే ఆడే రకం, బతికిపోయాడు. ఓలిమ్ బంతిని ఎత్తి కొడతాడు. వాళ్ల ఊరిలో కొట్టిన బంతి కొట్టినచోటికే పోయేదట. ఇక్కడ కొడితే ఒకసారి కరెంటు తీగల మీదికి, ఒకసారి రాములు కారు మీదికి పోయింది. ఒకసారి పైకి పోయి, కాసేపు ఆలోచించి, తిరిగి వాడి నెత్తి మీదే పడింది.

తిండి దగ్గర మాత్రం వాళ్లు తొందరగానే కుదురుకున్నారు. టీము వాళ్లు పెట్టిన బ్రెడ్డు తినలేక కేశవులు చిక్కిపోతుంటే, నర్సింగమ్మ ఒకరోజు జొన్న గట్క, పచ్చిపులుసు పంపింది. వాడు ముద్ద చేసి, బొటనవేలితో గుంట పెట్టి, పులుసులో ముంచి నమలకుండా మింగాడు. తర్వాత కిందికి దిగి వచ్చి, మా అమ్మ వంట మీకెట్లా తెలిసిందని నాగరాణితో ఇంగ్లిష్‌లో గొడవ పెట్టుకున్నాడు. నాగరాణి ప్రైవేటు బడిలో టీచరు. ఆమె కూడా ఇంగ్లిష్‌లోనే, ఇది మా అత్తమ్మ వంటని తిరిగి గొడవ పెట్టుకుంది.

ఓలిమ్‌కు ఇంగ్లిష్ రాదు. అన్నం తిన్న ప్రతిసారీ గుండె మీద చెయ్యి పెట్టుకుని "రహ్మత్" అనేవాడు. నర్సింగమ్మకు తెలిసిన రహ్మత్ ఒక్కడే, పాత బజార్లో మటన్ కొట్టే రహ్మత్. పప్పు వేసినా రహ్మత్, చారు పోసినా రహ్మత్. పాపం, పిలగానికి కూరగాయలు సయించడం లేదనుకుని మటన్ తెప్పించింది. తిని మరింత గట్టిగా రహ్మత్ అన్నాడు. మళ్లీ తెప్పించింది. ఇంట్లో అందరికీ మటన్ మొహం మొత్తాక, రహ్మత్ స్వయంగా వచ్చి, "మీ ఇంట్ల ఏమన్న ఫంక్షన్ నడుస్తాందా అమ్మా?" అని అడిగాడు.

"ఇగో, నువ్వు రోజు తలుస్తున్న రహ్మత్ గీయననే," అంది నర్సింగమ్మ ఓలిమ్‌తో.

ఓలిమ్ ఏమీ అర్థంకాక, ఆయన చేతిలో మటన్ చూసి, గుండె మీద చెయ్యి పెట్టుకుని "రహ్మత్" అన్నాడు.

"హా, నేనే," అన్నాడు రహ్మత్.

వర్షిత ఫోన్లో వెతికి, వాళ్ల భాషలో ఆ మాటకు థాంక్స్ అని అర్థమని తేల్చింది. ఆ రోజు నుంచి ఇంట్లో మళ్లీ బెండకాయలు మొదలయ్యాయి.

అలా ఒక్కొక్క మాటే బయటపడింది. చాయ్ అంటే వాడికి తెలుసు, వాళ్ల భాషలోనూ అదే మాటట. బజారు తెలుసు, దుకాణం తెలుసు, ఆస్మాన్ తెలుసు, బీమార్ తెలుసు. ఉల్లిగడ్డను ప్యాజ్ అన్నా పలుకుతాడు. గాలి మాట వస్తే "హవో, హవో" అని తల పట్టుకుంటాడు. "హవా గట్లనే ఉంటది బిడ్డా, ఫికర్ చెయ్యకు" అని ఆమె అంటే, ఎంత అర్థమయ్యేదో గానీ కాస్త నిమ్మళించేవాడు. ఒకరోజు ఆమె రొట్టెను పళ్లెంలో బోర్లా వేస్తే వాడు కంగారుపడి తిప్పి పెట్టాడు. రొట్టెను బోర్లా పెట్టకూడదట. "నా అత్త గూడ గింత సతాయించలే," అంది నర్సింగమ్మ. కానీ ఆ తర్వాత ఎప్పుడూ బోర్లా వేయలేదు.

ఒకటే ఇబ్బంది. ఊరంతా వాడిని ఐలేశం అంటోంది. ఆమె అనలేదు. అందుకని "ఓ పిలగా" అని పిలిచేది. వాడు మాత్రం పొద్దున్నే మెట్ల మీద నిలబడి, ఆ పొడుగు పేరును ముక్కలు ముక్కలుగా విరిచి, "నర్... సిం... గమ్మా!" అని అరిచేవాడు. కేశవులు వాడికి వంత పాడేవాడు. ఆ ఇంట్లో ఆమె ఏమే, అత్తమ్మ, అమ్మ, అవ్వ. పుట్టింటి నుంచి వచ్చాక ఆ పేరు పెట్టి పిలిచింది కరెంటు బిల్లు కొట్టేవాడొక్కడే. మొదటిసారి మెట్ల మీద నుంచి ఆ కేక వినబడినప్పుడు, ఎవరిని పిలుస్తున్నారా అని గేటు వైపు చూసింది. తర్వాత తర్వాత, పొద్దున ఆ కేక పడందే చాయ్ పొయ్యి మీద పెట్టబుద్ధయ్యేది కాదు. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారు.

ఆదివారం ఐలేశం గ్రౌండుకు రానంటూనే అందరికంటే ముందు తయారయ్యాడు. తిట్టేవాళ్లెవరో మొహాలు చూసి పెట్టుకోవాలట. నర్సింగమ్మ కొంగు నడుముకు బిగించి, వర్షితను తీసుకుని వెనకాలే వెళ్లింది.

గుట్ట కింద గాలి ఈల వేస్తోంది. స్వాగతం ఫ్లెక్సీలో రాములు మొహం గాలికి ఉబ్బుతూ, లోపలికి పోతూ, పళ్లు లేనివాడు బఠానీలు నములుతున్నట్టుంది. గ్రౌండులో ఎర్రదుమ్ము. కార్నర్లో పెట్టిన బంతి ఎవరూ తన్నకముందే బయలుదేరిపోతుంటే, ఒకడు పడుకుని వేలితో దాన్ని పట్టుకోవలసి వచ్చింది.

జనం మాత్రం బాగానే వచ్చారు. ఆట చూడ్డానికి కొందరు, తిట్టడానికి మిగతా అందరూ.

"ఐలేశం గాడు కాలు లేపితే గోల్ పోస్టే పక్కకు జరుగుతాంది రా!"

"వాన్ని అమ్మి రెండు బర్రెలు కొనుండ్రి, పాలన్న ఇస్తయ్!"

నర్సింగమ్మ వెనక్కి తిరిగింది. "ఓ కొడుకా, నోరు జర మంచిగ రానియ్యి."

"నిన్నేమన్ననా అవ్వా? ఐలేశం గాన్ని అంటున్న."

పక్కన కూర్చున్న ఐలేశం ఎక్కిలి పెట్టి లేచాడు. "నేనేరా ఐలేశం!"

ఆ కుర్రాడు ఆయన్ని కింది నుంచి పైకి చూశాడు. "మరి నువ్వన్న దిగరాదు తాతా, వానికంటె నయం."

ఆట అయిపోవచ్చింది. రెండువైపులా గోల్ లేదు. నర్సింగమ్మకు ఆట తెలియదు, గడువు తెలుసు. ఇంకాసేపట్లో విజిల్ ఊదితే పైపోర్షన్ ఖాళీ. ఆమె లేచి నిలబడింది.

అప్పుడు మిర్యాలగూడెం గోలీ బంతిని బలంగా అవతలికి తన్నాడు. బంతి పోయింది, ఆస్మాన్‌లో ఆగింది, గాలికి వెనక్కి తిరిగింది. దాన్ని చూస్తూ వెనక్కి వెనక్కి నడిచిన గోలీ కళ్లలో దుమ్ము పడి, కాలు మెలికపడి బొక్కబోర్లా పడ్డాడు. గోలు నోరు తెరుచుకుని ఉంది. బంతి దొర్లుకుంటూ ఓలిమ్ దగ్గరికి వస్తోంది. వాడు అటు తిరిగి నిలబడి కళ్లు నలుపుకుంటున్నాడు.

"ఐలేశం! ఐలేశం!" గ్రౌండు గ్రౌండంతా అరిచింది. వాడు తిరగలేదు. నెల నుంచి ఆ పేరు వెంట బూతు తప్ప ఇంకేమీ రాలేదు మరి. ఆ పేరును వినకుండా ఉండడం వాడు నేర్చుకున్నాడు.

"ఓ పిలగా!" అని అరిచింది నర్సింగమ్మ. చుట్టుపక్కల పదిమంది మగవాళ్లు ఆమె వైపు తిరిగారు. తిరగవలసినవాడు తిరగలేదు. బంతి దగ్గరికొచ్చేసింది.

ఇక ఆమెకేమైందో ఆమెకే తెలియదు. కేక వేసేసింది.

"ఐలేశం! కొట్టురా!"

పక్కన ఐలేశం హాజరు పిలిచినట్టు "ఆఁ!" అని దిగ్గున లేచాడు.

ఆ గొంతు ఓలిమ్‌కు తెలుసు. రోజూ గట్క తినమని, గాలికి స్వెట్టర్ తొడుక్కోమని వెంటపడే గొంతు. ఇన్నాళ్లూ ఓ పిలగా తప్ప ఇంకేమీ అనని గొంతు తన పేరు పిలిచింది. వాడు తిరిగాడు. కానీ బంతి వైపు కాదు, ఆమె వైపు. దుమ్ము కొట్టుకున్న మొహమంతా పళ్లయింది. రెండు చేతులూ పైకెత్తి ఊపుతూ, "నర్... సిం... గమ్మా!" అన్నాడు.

బంతి వాడి మడమ పక్కనుంచి, ఎవరికీ ఏ ఇబ్బందీ కలిగించకుండా, గోల్ పోస్టు పక్క నుంచి దొర్లుకుంటూ బయటికి పోయింది.

విజిల్ పడింది.

ఇంటికి వచ్చే దారిలో బక్కమ్మ ఎదురొచ్చింది. వార్త ఆమె కంటే ముందే వచ్చింది. "అంతమందిల మొగని పేరు దీసినవటనే! కొడ్తవా, తిడ్తవా, గది నీ ఇంట్ల ముచ్చట. పేరు దీస్తే ఆయుస్సు తగ్గుతదని తెల్వదా? తాళి కండ్లకద్దుకో పో."

ఐలేశం మెల్లగా ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు. నడక తగ్గించాడు.

"తాతా," అంది వర్షిత, "ఎక్కిళ్లు ఆగిపోయినయ్ కద!"

నిజమే. ఆ కేకతో ఆగినవి మళ్లీ రాలేదు. ఐలేశం కాసేపు ఆగి, గాలి మింగి చూసుకున్నాడు. రాలేదు. దానికి సంతోషించాలో వద్దో తెలియక, "ఎక్కిళ్లు పోయినయ్, ఎంబడి ఇజ్జత్ గూడ పోయింది," అన్నాడు. "మాట అంటే మాట. రేపే రాములుకు చెప్త."

"గోల్ తప్పించింది నేను. పిలగాడు కాదు."

"మన మాటల గట్ల లేదు. కొడితే ఉంటడు, కొట్టకుంటే ఖాళీ. గంతే ఉన్నది."

నర్సింగమ్మ వర్షిత చెయ్యి పట్టుకుని ముందుకు నడిచింది. ఇన్నేళ్ల కాపురంలో ఆయనకు ఇచ్చిన మాట తప్పింది లేదు. తప్పవలసినంత పెద్ద మాటలు ఎప్పుడూ ఇవ్వనూ లేదు.

సోమవారం పొద్దున రాములే వచ్చాడు. ఫోన్లో చెబితే సరిపోయేదానికి స్వీట్ డబ్బా పట్టుకుని వచ్చాడంటేనే ఆయనకు ఎంత సంతోషంగా ఉందో తెలుస్తోంది.

"కాకా, నువ్వు నన్ను బతికించినవ్. వానితోటి దసరా దాంక అగ్రిమెంట్ ఉన్నది, నేనుగా పొమ్మంటే తప్పు నా మీద వడ్తది. నువ్వు ఇల్లు ఖాళీ చెయ్యమన్నవనుకో, ఊర్ల ఇంకో ఇల్లు దొరకలేదని చెప్పి మర్యాదగ విమానం ఎక్కిస్త. కేశవులును నా గెస్ట్‌హౌస్‌ల పండవెడ్త. వాడు ఆడుతుండు."

"ఎక్కియ్యి," అన్నాడు ఐలేశం.

"ఓనరు నోటితోటి ఒక మాట చాలు. ఇల్లు ఎవరి పేరు మీదున్నది?"

ఐలేశం గొంతు సవరించుకున్నాడు. జాగా మామగారిచ్చింది. ఇల్లు భార్య పేరు మీదే ఉంది. "ఇంట్లామె మీద ఉన్నది," అన్నాడు.

"చిన్నమ్మ పేరేంది?"

ఐలేశం నోరు తెరిచాడు. ఆ పేరు ఆయనకు తెలియక కాదు. నాలుకకు అలవాటు లేదు. "గదే... మా వర్షిత వాళ్ల అవ్వ... ఏమే! ఒకసారి ఇటు రా!"

సరిగ్గా అప్పుడే మెట్ల మీద నుంచి, ఉప్పు డబ్బా ఊపుతూ కేశవులు అరిచాడు. "నర్సింగమ్మా! సాల్ట్!"

"ఆఁ, నర్సింగమ్మ," అన్నాడు రాములు.

నర్సింగమ్మ ఉప్పు పోసి పంపించి, చేతులు తుడుచుకుంటూ వచ్చి, విషయమంతా విని, "పొద్దుమీకి ఫోన్ చేసి చెప్త," అంది. స్వీట్ డబ్బా తిరిగి రాములు చేతిలో పెట్టింది. ఐలేశానికి షుగర్ ఉందని చెప్పింది.

రాములు పోగానే ఐలేశం లేచాడు. "చెప్పేదేమున్నది ఇంక? ఇగో, అందరు వినుండ్రి. ఈ ఇంట్ల ఐలేశం ఒక్కడే ఉండాలె. వాడన్న, నేనన్న. వాడుంటే నేనుండ. కేతేపల్లిల బిడ్డ సుహాసిని దగ్గరికి పోత. మల్ల బతిమాలినా రాను, చెప్తున్న."

పోత అనే మాట ఆయన ఇంతకు ముందు కూడా చాలాసార్లు అన్నాడు. అన్నప్పుడల్లా నర్సింగమ్మ కోడిగుడ్డు పులుసు వండేది. ఆయన ఆగిపోయేవాడు.

మధ్యాహ్నం ఓలిమ్ కిందికి దిగాడు. రోజూలా కేకేయలేదు. ఖాళీ చేయాలన్న సంగతి వాడికి ఎవరు చెప్పారో, కేశవులే చెప్పి ఉంటాడు. పైకి పంపిన గిన్నెలన్నీ, ఆమె మరిచిపోయిన గంటెతో సహా, తోమి తుడిచి తెచ్చాడు. తల మాత్రం ఎత్తలేదు. నర్సింగమ్మ అందుకుని చూసింది. పెద్ద గిన్నె ఖాళీగా లేదు. అడుగున ఆటగాళ్లకు ఇచ్చే గ్లూకోజు పొడి, దాని మీద నాలుగు ఎండుద్రాక్షలు. తెల్లారి పోబోతున్న పిల్లవాడు, ఉన్నదంతా ఊడ్చి వేసినట్టున్నాడు.

"ఖాళీ గిన్నె ఇయ్యద్దని నీకు గూడ మీ అమ్మ చెప్పిందా?" అంది.

వాడికి అర్థం కాలేదు. "హవో," అన్నాడు, గాలి మీద నేరం వేస్తూ. తర్వాత తన ఛాతీ మీద వేలు పెట్టుకుని తల అడ్డంగా ఊపాడు. గాలిది కాదు, తనదే తప్పని.

"నీది కాదు, హవాది గూడ కాదు. నాది," అంది నర్సింగమ్మ. ఎండుద్రాక్ష ఒకటి నోట్లో వేసుకుని, "ఆకలైతాందా? కూసో," అంది.

వాడు కూర్చుని మూడు రొట్టెలు తిన్నాడు. పోబోయేవాడు తిన్నట్టు తినలేదు, ఆకలైనవాడు తిన్నట్టే తిన్నాడు. ఆమెకు అది నచ్చింది. వాడు పైకి వెళ్లాక లోపలి గదిలోకి వెళ్లి, అటక మీద నుంచి రెగ్జిన్ సంచి దింపి దుమ్ము దులిపింది. తర్వాత రెండు ఫోన్లు చేసింది.

దీపాలు పెట్టే వేళకు అందరూ వంటింట్లో చేరారు. గోపాల్ ఆ రోజు ఏ మోటరూ కాలకపోవడంతో తొందరగానే వచ్చాడు. ఐలేశం పీట మీద కూర్చుని, పళ్లెంలోకి చూసి, "గుడ్డు పులుసు లేదా?" అన్నాడు.

"లేదు. బెండకాయనే," అంది నర్సింగమ్మ. అందరి పళ్లాల్లోకీ వడ్డించి, తానూ కూర్చుంది. రొట్టె తుంచుతూ, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా అంది.

"పైన పిలగాళ్లు ఖాళీ చేస్తలేరు. దసరా దాంక ఇద్దరు ఈడనే ఉంటరు. రాములుకు ఫోన్ చేసి చెప్పిన."

వర్షిత నములుతున్నది ఆపింది. నాగరాణి మామ వైపు చూడకుండా ఉండడానికి గోడ మీది క్యాలెండర్ చూసింది.

"నాకు మాటిచ్చినవ్," అన్నాడు ఐలేశం.

"ఇచ్చిన. తప్పుతున్న."

గోపాల్ నీళ్లు తాగాడు. "మరి నాయిన పొద్దుగాల..."

"మీ నాయిన గూడ మాటన్నడు కద. ఆయన మాట ఆయన తప్పద్దు. కేతేపల్లికి పొద్దుగాలనే బస్సున్నది. సుహాసినికి గూడ చెప్పిన, అల్లుడు బస్టాండు కాడికొస్తడు." ఐలేశం వైపు తిరిగింది. "సంచి సదిరి తలుపు కాడ పెట్టిన. షుగర్ గోలీలు పక్క జేబుల ఉన్నయ్. ఆడ నిన్ను పేరు వెట్టి తిట్టేటోళ్లు ఎవ్వరు లేరు, నిమ్మలంగ ఉండు. ఎప్పుడు రాబుద్ధయితే అప్పుడు రా."

ఐలేశం తలుపు వైపు చూశాడు. సంచి నిజంగానే ఉంది, జిప్పు కూడా వేసి.

"ఇంకో రొట్టె ఎయ్యనా?" అంది నర్సింగమ్మ.